పదకొండు సార్లు బిగించిన రెయిలింగు

మా మరమ్మతుల కార్యాలయం గత సంవత్సరం ఒక మెట్లదారికి రెయిలింగు బిగించిందనీ, అదీ పదకొండు సార్లు బిగించిందనీ, పదకొండు సార్లూ గడువులోగానే పని ముగించిందనీ ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఒకే మెట్లదారి, ఒకే మలుపు, ఒకే రెయిలింగు. ఇంత శ్రద్ధ చూపిన కార్యాలయం చుట్టుపక్కల మరొకటి లేదని పై అధికారులే ఒప్పుకుని మాకు జ్ఞాపిక ఇచ్చారు. అది మా సారు గదిలో అద్దాల బీరువాలో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. రెయిలింగును చూడాలనుకునేవారు మాత్రం నేను చెప్పేది పూర్తయ్యేదాకా కొంచెం ఓపిక పట్టాలి.

నేను ఆ కార్యాలయంలో అర్జీలు తీసుకునే గుమాస్తాను. వచ్చిన కాగితం మీద తేదీ ముద్ర వేసి, వరస నంబరు రాసి, సారు బల్ల మీది ట్రేలో పెట్టడం నా పని. ఇన్నేళ్ళలో ఒక్క నంబరు తప్పలేదు. ట్రేలో పెట్టిన తర్వాత ఆ కాగితం ఏమవుతుందన్నది నా పని కాదు కాబట్టి అందులోనూ నా వల్ల ఏ తప్పూ జరగలేదు.

మా సారును మేము చాటుగా పద్ధతి సారు అంటాం. ఏదైనా ఒక పద్ధతి ప్రకారం జరగాలంటారాయన. మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఈ పద్ధతి పట్టుబడకముందు మాత్రం ఆయన చాలా అనాగరికంగా పనిచేసేవారు. అర్జీ చదవడం, దాని వెనక ‘వేయండి’ అని ఒక్క మాట రాసి సంతకం గీకడం, ఫిట్టరును పిలిచి చేతిలో పెట్టడం. ఫిట్టరు సాయంత్రానికల్లా వేసొచ్చేవాడు. ఇలా ఏళ్ళ తరబడి ఏ వ్యవస్థా లేకుండా పనులు వాటంతట అవే జరిగిపోయాయి. ఇప్పుడు తలుచుకుంటే మాకే సిగ్గుగా ఉంటుంది.

ఆ చీకటి రోజులు ఒక శిక్షణ తరగతితో ముగిశాయి. సారును మూడు రోజుల పాటు ఒక చల్లని హాల్లో కూర్చోబెట్టి, పనిమంతుడైన మనిషి ముందుగా చేయవలసింది పని కాదని బోధించారు. పనిని నమోదు చేసుకోవడానికి సరైన పరికరం ఎంచుకోవాలట. తర్వాత ఆ పరికరంలో పనిని రాయాలి, దానికి గడువు పెట్టాలి, రంగు కేటాయించాలి, గుర్తుచేయమని పరికరానికి అప్పగించాలి. అప్పుడు మనిషి తల ఖాళీగా ఉంటుంది. సారు తిరిగొచ్చాక నిజంగానే ఆయన ముఖంలో ఒక ఖాళీ కనిపించింది. మమ్మల్నందరినీ పిలిచి, “తలలో పెట్టుకున్న పని తలనొప్పి. పరికరంలో పెట్టుకున్న పని ప్రగతి,” అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. ఫిట్టరు కూడా కొట్టాడు గానీ వాడి చేతిలో పానా ఉండటం వల్ల సరిగా మోగలేదు.

సరిగ్గా ఆ రోజే టైలరమ్మ వచ్చింది.

ఆవిడది పై వీధిలో ఒక గది. ఒక కుట్టుమిషను, ఒక కత్తెర, ఒక కిటికీ. కింద బజారుకు రావాలంటే ముప్ఫయ్యారు రాతి మెట్లు దిగాలి. పదిహేడో మెట్టు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడ రెయిలింగు తుప్పుపట్టి ఊడిపోయింది. కిందటి వానాకాలం ఆవిడ అక్కడే జారి పడి మోకాలు విరగ్గొట్టుకుంది.

“ఇంకోసారి పడితే మిషను తొక్కే సంగతి మర్చిపోమన్నాడు సార్ డాక్టరు,” అంది టైలరమ్మ. “నాకొచ్చిన పని అదొక్కటే. పట్టుకోడానికి ఓ పైపు ముక్క వేయిస్తే చాలు.”

సారు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇప్పించారు. మెట్లు ఎన్ని, మలుపు ఎటువైపు, పడినప్పుడు ఏ కాలు ముందు పెట్టింది, అన్నీ అడిగారు. ఒక అధికారి అర్జీదారు మాట అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు. ఆవిడకూ కళ్ళు చెమర్చాయి.

“అమ్మా, నేను మొదలుపెట్టబోయే వ్యవస్థలో మొట్టమొదటి పని మీదే,” అన్నారు సారు. “ఎందులో రాసుకోవాలో తేలగానే రాసేస్తాను.”

“ఎప్పటికి తేలుతుంది సార్?”

“ఎంతసేపు. సోమవారం రండి.”

ఫిట్టరు ఆ సాయంత్రమే వెళ్ళి కొలతలు తీసుకుని, మర్నాడు పైపు కోసి, రెండు చివర్లా బోల్టులకు చిల్లులు వేసి, రంగు కొట్టి తెచ్చి తలుపు వెనక ఆనించాడు. “రెండు గంటల పని సార్. రాసిస్తే వేసొస్తా,” అన్నాడు. సారు వాడి వైపు జాలిగా చూశారు. “రాయకుండా చేసే పని పని కాదయ్యా, అలవాటు,” అన్నారు. ఫిట్టరు నా వైపు చూశాడు. నేను తేదీ ముద్ర వైపు చూశాను.

పరికరాల విషయంలో సారుకు కుడిభుజం ఆయన బావమరిది. అతనికి ఉద్యోగం లేదు కాబట్టి సమయపాలన మీద పట్టు ఎక్కువ. లోకంలో ఎక్కడ ఏ కొత్త పరికరం విడుదలైనా, దాన్ని డబ్బాలోంచి బయటికి తీసే వీడియో అతను చూడకుండా నిద్రపోడు. మొదట ఫోను చాలన్నాడు. సారు రెయిలింగు సంగతి రాద్దామని ఫోను తెరిచారు. ముప్పావు గంట తర్వాత తలెత్తి, సముద్రంలో ఉండే ఒక జీవికి మూడు గుండెలుంటాయని మాకు తెలియజేశారు. రాశారా సార్ అని అడిగితే, “అదే, ఇప్పుడే రాయబోతున్నా,” అన్నారు. ఫోను ఏకాగ్రతకు శత్రువని ఆ రోజు తేలింది.

తర్వాత పలక లాంటిది ఒకటి వచ్చింది, దాని మీద రాసే పెన్నుతో సహా. పెన్ను తెర మీద జారిపోతోందని సారు పెదవి విరిచారు.

“దానికో పొర దొరుకుతుంది బావా, అంటిస్తే గరుగ్గా ఉంటుంది,” అన్నాడు బావమరిది. “అచ్చం కాగితం మీద రాసినట్టే.”

“నిజంగా కాగితంలా ఉంటుందా?”

“కళ్ళు మూసుకుని రాస్తే తేడా తెలీదు. ఇంకో నెలాగితే పొర కూడా అక్కర్లేదు. తెరే కాగితంలా ఉండేది వస్తోంది. తెల్లగా, వెలుతురు లేకుండా, రాస్తే చప్పుడు కూడా వస్తుందట.”

సారు ఆ ముచ్చట విని ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆయన మోచేతి కింద తెల్లకాగితాల కట్ట ఒకటి ఉంది. వెలుతురు లేదు, రాస్తే చప్పుడు వస్తుంది. దాన్ని పక్కకు జరిపి, రాబోయే పరికరానికి చోటు చేశారు.

చేతి గడియారం రకానిది వచ్చినప్పుడు కొన్ని రోజులు కార్యాలయంలో క్రమశిక్షణ పెరిగింది. అది గంటకోసారి లేచి నిలబడమని సారుకు చెప్పేది. సారు లేచేవారు. సారు నిలబడితే మేం కూర్చోవడం మర్యాద కాదు కాబట్టి మేమూ లేచేవాళ్ళం. మమ్మల్ని చూసి వరసలో ఉన్న అర్జీదారులు, ఎవరో పెద్దమనిషి పోయాడు కాబోలనుకుని, తలలు వంచుకుని నిలబడేవారు. ఒక నిమిషం తర్వాత అందరం బరువెక్కిన గుండెలతో కూర్చునేవాళ్ళం.

ఇక్కడ మా సారు నిజాయితీ గురించి ఒక మాట చెప్పాలి. ఏ పరికరాన్నీ ఆయన పరీక్షించకుండా కాదనలేదు. పరీక్షించాలంటే అందులో ఒక పని రాసి చూడాలి. లేని పని కల్పించి రాస్తే అది పరికరాన్ని మోసం చేయడమవుతుంది. చేతిలో సిద్ధంగా ఉన్న నిజమైన పని టైలరమ్మదే. అందువల్ల ప్రతి పరికరంలోనూ మొదటి వాక్యం ఒకటే: ‘మెట్ల మలుపు దగ్గర రెయిలింగు వేయించాలి.’ గడువు, ఎల్లుండి. రంగు, ఎరుపు. ఎల్లుండి రాగానే పరికరం గుర్తుచేసేది. గుర్తుచేయడం సవ్యంగా ఉందా అని సారు చెవి ఒగ్గి వినేవారు. ఆ తర్వాత ‘పూర్తయింది’ అన్న గడిని నొక్కి చూడాలి కదా, అది కూడా పరీక్షలో భాగమే. నొక్కగానే గంట మోగేది, తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు రాలేవి. సారు ముఖం వెలిగిపోయేది. ఏదో బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలేవారు. ఆ తర్వాత ఆ పరికరంలో ఏదో ఒక లోపం బయటపడేది, కొత్తది వచ్చేది, రెయిలింగు మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది.

టైలరమ్మ సోమవారం సోమవారం వచ్చేది. నేను ప్రతిసారీ ఆవిడ అర్జీ మీద కొత్త ముద్ర వేసేవాణ్ణి. ముద్రలు పెరిగి పెరిగి అసలు అక్షరాలు కనపడటం మానేశాయి. ఆవిడను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక సారు ఒక సాయం కూడా చేశారు. పరికరాలకు సంచులు కుట్టే పని ఆవిడకే ఇచ్చారు. మెత్తటి అస్తరు ఉండాలి, భుజానికి తగిలించుకోవడానికి గట్టి పట్టీ ఉండాలి. ఆవిడ టేపుతో ఒక్కో పరికరాన్నీ పొడవూ వెడల్పూ మందమూ కొలిచి రాసుకునేది. తన చేతి మీదే, సుద్దముక్కతో. వచ్చే సోమవారానికి సంచి తయారు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

“ఎలా దిగొస్తున్నారమ్మా?” అని ఒకసారి అడిగాను.

“మలుపు దగ్గర కూర్చుంటా గుమాస్తాగారూ. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మెట్టూ జరుగుతూ వస్తా. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.”

ఆ మాటకు నాకు ప్రాణం ఉసూరుమంది. నిజంగానే ఉసూరుమంది, ఎవరికి కావాలంటే వాళ్ళకు ప్రమాణం చేసి చెబుతాను. ముద్ర కొంచెం గట్టిగా వేశాను.

ఈలోగా తలుపు వెనక పైపుకు కూడా ఒక హోదా వచ్చింది. వానాకాలంలో గొడుగులు దానికే తగిలించేవాళ్ళం. ఎండాకాలంలో టోపీలు. గొడుగు తీసుకున్నప్పుడల్లా ఫిట్టరు ఆ పైపును ఒక గుడ్డతో తుడిచేవాడు. “రంగు పోతోంది సార్,” అనేవాడు. “రెండు గంటల పని,” అనేవాడు. వాడి పోరు పడలేక సారు ఒకరోజు వాణ్ణి కూర్చోబెట్టి, ముఖ్యమూ తొందరా అయిన పనులు, ముఖ్యమైన పనులు, తొందర పనులు, ముఖ్యమూ తొందరా కాని పనులు అని నాలుగు గళ్ళు గీసి చూపించారు. ఫిట్టరు చాలాసేపు చూసి, “ఇందులో మెట్లెక్కడ సార్?” అన్నాడు. చదువుకోని వాళ్ళతో ఇదే చిక్కు.

సంవత్సరం చివర పై కార్యాలయం వారు అన్ని శాఖల్లో ఉన్న పరికరాల సమాచారమూ ఒకేచోట పోగుచేశారు. మా శాఖ కింద పదకొండు పనులు నమోదయ్యాయి, పదకొండూ పూర్తయ్యాయి. నూటికి నూరు. మిగతా శాఖల్లో పనులు వందలకొద్దీ ఉన్నాయి గానీ, చాలావాటికి ఎవరూ ఆ గడి నొక్కలేదు. అక్కడివాళ్ళు పనిచేయడానికి బయటికి వెళ్ళిపోయి ఉంటారు. బహుమతి మాకే వచ్చింది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. పై అధికారి గొంతు సవరించుకుని, “ఒక రెయిలింగును ఒకసారి వేయడం ఎవరైనా చేస్తారు. అదే రెయిలింగును పదకొండు సార్లు వేయాలంటే ప్రజల భద్రత పట్ల ఎంతటి తపన ఉండాలి?” అని ప్రశ్నించారు. జవాబు ఎవరికీ తెలియక చప్పట్లు కొట్టాం. “ఈ మెట్ల మీద ఇకపై ఎవరూ పడరు. పడాలని ప్రయత్నించినా పడలేరు,” అన్నారాయన. సారు తలవంచుకుని వినయంగా నవ్వారు. ఆయన పక్కన బావమరిది, ఒళ్ళో పదకొండు సంచులు.

లబ్ధిదారు మాట్లాడాలి కాబట్టి టైలరమ్మను పిలిచారు. ఆవిడ కొంచెం ఆలస్యంగా వచ్చింది. వేదిక ఎక్కడానికి రెండు మెట్లున్నాయి, నేను చెయ్యి అందించాను. మైకు ముందు నిలబడి అందరినీ ఒకసారి చూసింది.

“రెయిలింగు గురించి నాకు తెలీదండీ,” అంది. “సంచుల పట్టీలు కత్తిరించగా ముక్కలు మిగిలాయి. అన్నీ కలిపి మూడు వరసలు కుట్టి, మలుపు దగ్గర పాత రెయిలింగు స్తంభాలు రెండింటికీ కట్టుకున్నా నిన్న. ఊగుతుంది గానీ, కూర్చోకుండా దిగొచ్చా ఇవాళ.”

సభంతా పై అధికారి వైపు తిరిగింది. పై అధికారి అనుభవజ్ఞుడు, వెంటనే తేరుకున్నారు. “చూశారా, మన శాఖ స్ఫూర్తి ప్రజల్లోకి ఎలా పాకిందో. అమ్మా, ఇంత పని గుర్తుపెట్టుకుని చేశారే, మీరు ఏ పరికరం వాడతారు?”

“నా మోకాలేనండీ,” అంది టైలరమ్మ. “నొప్పెడుతుంది కదా. గుర్తుంటుంది.”

చప్పట్లు మిన్నుముట్టాయి. బావమరిది వెంటనే సారు చెవిలో, “బావా, అలాంటిది ఒకటి వస్తోందట. ఒంటికి కట్టుకుంటే పని గుర్తొచ్చేలా చిన్నగా నొప్పి పెడుతుంది,” అన్నాడు. సారు ఆసక్తిగా ఎంత నొప్పి అని అడిగారు. వెనక వరసలో ఫిట్టరు లేచి బయటికి వెళ్ళడం నేను చూశాను. ఫలహారాల వేళకు తలుపు వెనక గొడుగులన్నీ నేల మీద ఉన్నాయి. పైపు లేదు.

మర్నాడు సారు చూసుకున్నారు. మెట్ల మలుపు దగ్గర రెయిలింగు ఉంది. ఆకుపచ్చ రంగు, నాలుగు బోల్టులు, పట్టుకుని ఊపినా కదలలేదు. సారు కంగుతిన్నారు. వ్యవస్థలో పదకొండు రెయిలింగులున్నాయి, అన్నీ పూర్తయ్యాయి. ఇది ఏ పరికరంలోనూ లేని పన్నెండో రెయిలింగు. దీన్ని ఎవరు నమోదు చేశారు? దీని గడువేది, రంగేది? పై అధికారులకు తెలిస్తే ఉన్న పదకొండింటి పరువూ పోతుంది. సారు పాపం ఎవరి మీదా కోప్పడే మనిషి కాదు, అయినా పద్ధతి అన్నాక తప్పదు. నన్ను పిలిచి, “పూర్తయిన పనిని అనుమతి లేకుండా మళ్ళీ పూర్తి చేసినందుకు ఫిట్టరుకు మెమో రాయండి,” అన్నారు.

ఎందులో రాయమంటారు సార్ అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. నా చొక్కా జేబులో పెన్ను ఉంది, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. బల్ల మీద చేతికందిన కాగితం తిరగేసి చిత్తుప్రతి మొదలుపెట్టాను. రెండు నిమిషాలు పట్టలేదు. ‘తేదీ’ అని రాసి తలెత్తేసరికి ఎదురుగా టైలరమ్మ నిలబడి ఉంది. జ్ఞాపికకు దుమ్ము పట్టకుండా ముసుగు కుట్టమన్నారు సారు, అది తెచ్చింది. నా చేతికింద కాగితాన్ని చూసింది. అంచు కొంచెం ఎత్తి, రెండో వైపు కూడా చూసింది.

“ఇది నా అర్జీయే కదా గుమాస్తాగారూ.”

“అవునమ్మా. మీ పని అయిపోయింది కదా, వెనక ఖాళీగా ఉందని...”

ఆవిడ చూపుడువేలితో ఆ తెల్లటి వైపును ఒకసారి నిమిరింది. “ఇంత ఖాళీ ఉందా దీని వెనక? ఇన్నాళ్ళూ ఎవరూ తిప్పి చూడలేదా?” అంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నేను ఆలోచించి చెబుతానన్నాను.

ఫిట్టరు మెమో అందుకుని సంతకం పెట్టాడు. మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వాలి. మూడో రోజు ఉత్త చేతులతో సారు ముందు నిలబడ్డాడు. “రాస్తా సార్. కాకపోతే ఎందులో రాయాలో తేలట్లేదు. ఫోనా, పలకా అని చూస్తున్నా. సరైంది దొరికేదాకా కొంచెం టైమిప్పించండి,” అన్నాడు. సారుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వాడి భుజం తట్టారు. “ఇన్నాళ్ళకు నా మాట ఒకడికైనా బుర్రకెక్కింది. తొందరపడకు, బాగా పరీక్షించి ఎంచుకో,” అని ఒక ఏడాది గడువిచ్చారు. బావమరిదిని సలహాదారుగా కూడా ఏర్పాటు చేశారు.

అలా ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా అంతా చక్కబడింది. టైలరమ్మ ఇప్పుడు పైపు పట్టుకుని నిటారుగా దిగివస్తుంది. ఆవిడ మిషను చప్పుడు మా కిటికీ దాకా వినిపిస్తూనే ఉంది. బజారుకు వచ్చినప్పుడల్లా నా కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ఏమీ అడగదు. అడిగిన దానికి జవాబు కోసమే ఆగుతుందని నాకు తెలుసు.

జవాబు నా దగ్గర ఉంది. మొదటి సోమవారం నుంచీ ఉంది. మర్చిపోకముందే ఎక్కడైనా రాసిపెట్టుకుంటే మంచిదని చూస్తున్నాను. మీరూ ఇలాంటివి చాలానే దాచుకుని ఉంటారు కదా, మీరేది వాడుతున్నారో కాస్త చెబుదురూ.